బొటనవేలి శకునం

బోటుకి ఇంజను బిగించారు. వలలు సర్దారు. మంచినీళ్ల డబ్బా ఎక్కించారు. అయినా ఎవరూ బోటు మీద చెయ్యి వెయ్యలేదు. అందరి కళ్లూ లక్ష్ముడి కుడిచేతి బొటనవేలి మీదే ఉన్నాయి.

"ఏటి బావా, అదిరిందా నేదా?" అన్నాడు వినోద్. లక్ష్ముడి భార్య గురమ్మకు తమ్ముడతను. నోరు ఊరుకునే రకం కాదు. "ఎండెక్కిపోతంది. నీ ఏలు నిద్ర నేచినాదో నేదో ఓపాలి అడిగి సూడు."

"ఉండ్రా. అదేటి నా మాట ఇంటాదా?" అన్నాడు లక్ష్ముడు.

ఈ శకునం కార్తీకం వెళ్లాక మొదలైంది. ఒక ఉదయం బోటు తోస్తుండగా లక్ష్ముడి బొటనవేలు దానంతట అదే టకటకా అదిరి ఆగింది. ఆ రోజు వల నిండా కానాగంత చేపలు పడ్డాయి. మగవాడికి కుడివైపు అదిరితే మేలని చిన్నాన్న నూకయ్య అక్కడికక్కడే తేల్చేశాడు. కన్నదిరితే ఒక లెక్క, వేలదిరితే ఇంకో లెక్కా? మరోసారి అదిరింది, మళ్లీ వల నిండింది. ఇక అంతే. భోగాపురం అవతల, విమానాశ్రయం రోడ్డు దాటి ఇసుకలో దిగబడే ఆ పేటలో లక్ష్ముడి వేలు అదిరితేనే వేట. అదరకపోతే పక్క బోట్లవాళ్లు కూడా తాడు విప్పడానికి వెనకాడేవారు.

లక్ష్ముడికి లోలోపల గర్వంగానే ఉండేది. కెరటాలు దాటించడంలో అతన్ని మించిన చెయ్యి ఆ తీరాన లేదని ముందే పేరు. ఆ చేతికి ఇప్పుడు అమ్మవారి కబురు కూడా తోడైంది.

నమ్మనిది గురమ్మ ఒక్కతే. "అదిరిన రోజున ఒట్టి వలొస్తే ఎవుడూ సెప్పుకోడు. తట్ట నెత్తినెట్టుకుని సంతకెల్లేదాన్ని, ఏ రోజు ఏటి పడ్డాదో నాకు తెల్దా? అన్నం ముద్ద నోటికాడికి తెచ్చి వొదిలేస్తన్నావు మావా. అది కూడా అమ్మోరి కబురేనా?" అనేది. ఆడదాని మాట శకునానికి అడ్డమని మగవాళ్లు ఆమె నోరు మూయించేవారు.

ఆ ఉదయం ఎట్టకేలకు వేలు అదిరింది.

"అదిరినాది! తొయ్యండ్రా!" నూకయ్య కేక వేశాడు.

బోటు నీళ్లలో పడింది. లక్ష్ముడు వెనక కూర్చుని కుడిచేత్తో ఇంజను పిడి పట్టుకున్నాడు. నడుమ వినోద్, ముందు నూకయ్య. తీరం దగ్గర కెరటాలు మూడు వరసలుగా విరుగుతున్నాయి. విరిగే కెరటానికి బోటు ముక్కు ఎదురుగా ఉండాలి. కాస్త పక్కకు తిరిగిందా, చేటలో బియ్యం చెరిగినట్టు సముద్రం చెరిగేస్తుంది. మొదటి కెరటం ఎక్కి దిగారు. రెండోది లేస్తోంది.

అప్పుడు చూసుకున్నాడు లక్ష్ముడు. బొటనవేలు ఇంకా అదురుతూనే ఉంది.

ఎప్పుడూ నాలుగుసార్లు కొట్టుకుని ఆగిపోయే వేలు ఇవాళ ఆగడం లేదు. పక్క వేళ్లు అందుకున్నాయి. వేళ్ల నుంచి మణికట్టు. మణికట్టు నుంచి మోచెయ్యి. అతని చెయ్యి అతని కళ్లముందే ఎవరిదో అయిపోతోంది. మూతి కుడివైపుకు లాక్కుపోయింది. పిడి వదిలేద్దామనుకున్నాడు, వేళ్లు వదల్లేదు. పైగా బిగుసుకున్నాయి. ఇంజను గీపెట్టింది. బోటు గిరుక్కున పక్కకు తిరిగింది.

"బావా, ముక్కు! ముక్కు తిప్పు!"

లక్ష్ముడు జవాబు చెబుదామనుకున్నాడు. నోరు కూడా అతని మాట వినలేదు.

కెరటం బోటును అరచేత్తో తిప్పినట్టు తలకిందులు చేసింది.

వినోద్ జుట్టు పట్టుకుని లాగకపోతే లక్ష్ముడు ఆ రోజు తేలేవాడు కాదు. నూకయ్య మీద బోటు అంచు పడి మెడ కింద ఎముక విరిగింది. ఒడ్డున ఇసుకలో పడుకున్న లక్ష్ముడు కుడిచెయ్యి ఎత్తబోయాడు. అది తడిసిన తాడులా కిందే ఉండిపోయింది. ఎండ నడినెత్తికి వచ్చేవేళకు గానీ వేళ్లు కదల్లేదు.

"అమ్మోరు పూనినాది," అని మూలిగాడు నూకయ్య. అంత నొప్పిలోనూ. "కోడిని మొక్కుకోనేదు. అందుకే కోపమొచ్చినాది."

"కోడి ఎక్కడికీ ఎలిపోదు, సిన్నాన్నా. రేపైనా కొయ్యొచ్చు," అంది గురమ్మ. "ముందు ఇద్దరూ ఆటో ఎక్కండి. ఒసే, ఎవుర్తివే అక్కడ, నా తట్ట తీసి లోపలెట్టు!"

విజయనగరం శివారులో పెద్దాసుపత్రి. నూకయ్యను ఎముకల వార్డుకు పంపారు. లక్ష్ముణ్ణి మెదడు డాక్టరు దగ్గర కూర్చోబెట్టారు. ఆవిడ పేరు సుహాసిని. పొట్టి మనిషి. మాట మాత్రం సూటిగా ఉంటుంది.

"ఎక్కడ మొదలైంది?" అని అడిగింది.

"బోటులోనమ్మా."

"ఒంట్లో ఎక్కడ మొదలైంది?"

"బొటనేలు. తరవాత మిగతా ఏళ్లు. మనికట్టు, మోసెయ్యి. ఈలోగా మూతి."

డాక్టరమ్మ తన తల మీద ఎడమ చెవికి పైన ఒకచోట వేలు ఆనించింది. "ఇక్కడ ఏదో ఉంది. స్కాన్ తీసి చూద్దాం."

స్కాన్‌లో సరిగ్గా అక్కడే కనిపించింది. నేరేడుపండంత మచ్చ. చిన్న చిన్న రక్తనాళాలు చిక్కుపడి ముద్దకట్టాయట. పుట్టుకతోనే ఉండి ఉండొచ్చు, ఈ మధ్య కాస్త నెత్తురు చిమ్మి పక్కనున్న మెదడును కెలుకుతోంది. కేన్సరు కాదు.

గురమ్మ నోరు తెరిచేసింది. "బొమ్మ తియ్యకముందే ఎలగ తెలిసినాదమ్మా?"

"మీ ఆయనే చెప్పాడుగా." సుహాసిని తన తలకు ఒక చెవి నుంచి ఇంకో చెవి దాకా రిబ్బను కట్టినట్టు వేలితో గీసి చూపించింది. "మెదడు మీద ఇలా ఒక పట్టీ ఉంటుంది. ఒళ్లు కదలమని హుకుం వెళ్లేది అక్కడి నుంచే. నడినెత్తి దగ్గర కాలు. కిందికి దిగుతుంటే నడుము, భుజం, మోచెయ్యి, మణికట్టు, వేళ్లు. బొటనవేలి పక్కనే మొహం, మూతి. ఎడమ పట్టీ కుడి ఒంటిని నడుపుతుంది. బొటనవేలి దగ్గర నిప్పంటుకుంటే ఒకపక్క మణికట్టు మీదుగా మోచేతికి పాకుతుంది, ఇంకోపక్క మూతికి పాకుతుంది. అది పాకిన దారే నాకు అడ్రసు."

"అందరికీ సమానంగా ఉంటాదా ఆ సోటు?"

"ఉండదు. సన్న పని చేసేవాటికే ఎక్కువ. వీపు, నడుము అంతా కలిపి ఇంతే. వేళ్లకీ మూతికీ మాత్రం బోలెడంత."

గురమ్మ మొగుడి వైపు తిరిగింది. "ఇన్నావా? నడుముకి సోటు తక్కువ, మూతికి ఎక్కువ. అందుకే ఇంటికాడ వొంగి పని సెయ్యవు గానీ మాటలకి లోటు నేదు."

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. లక్ష్ముడు నవ్వలేదు.

"అయితే నా ఏలు అదరడం..." అని ఆగాడు. "శకునం కాదన్నమాట."

"కాదు. సుడిగాలికి ముందు కాస్త దుమ్ము రేగడం లాంటిది. మీరు దాన్ని చూసే బోటు తోశారు."

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. ఏ రోజున ఒడ్డు దాటకూడదో, ఏరికోరి ఆ రోజునే దాటాడు. అందరినీ వెంటపెట్టుకుని మరీ.

"ఇప్పుడేటి దారి?"

సుహాసిని దాచకుండా చెప్పింది. మాత్రలతో నెట్టుకురావచ్చు. కానీ ఈ కుదుపులు, అంటే ఫిట్స్, పూర్తిగా ఆగుతాయన్న హామీ లేదు, ఆ చిక్కు మళ్లీ నెత్తురు చిమ్మదన్న హామీ అంతకన్నా లేదు. ఫిట్స్ ఉన్నన్నాళ్లూ ఇంజను పిడి ముట్టుకోకూడదు. కోసి తీసేయొచ్చు. కానీ అది చేతి చోటుకు ఆనుకుని ఉంది. గీత తప్పితే చెయ్యే పోతుంది.

"ఏలొక్కటే పోతాదా?"

"ఒక వేలికి ఒక మేకు కొట్టినట్టు ఉండదు లక్ష్ముడు గారూ. వేళ్లు, మణికట్టు ఒకదానిమీద ఒకటి పడి, కలిసిపోయి ఉంటాయి. వలలో ఒక కన్ను దగ్గర పట్టుకుని లాగితే పక్క కన్నులన్నీ కదలవూ? అలాగన్నమాట. అందుకే మిమ్మల్ని మెలకువగా ఉంచి చేద్దామంటున్నాను. నేను తీస్తూ ఉంటాను, మీరు చెయ్యి ఆడిస్తూ ఉండాలి. చెయ్యి తడబడితే నేను ఆగుతాను."

"మెలకువగానా? తల తెరిసి?" గురమ్మ కుర్చీలోంచి లేచిపోయింది.

లక్ష్ముడు వసారాలోకి వచ్చాడు. నూకయ్య అక్కడ బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. చెయ్యి మెడకు కట్టి ఉంది. కొడుకు వరస వాణ్ణి చూసి లేని ఓపిక తెచ్చుకున్నాడు. "నాకేటి కానేదురా. ఒక్క ఎముకే కదా." అంటూనే లేవబోయి, నొప్పికి పళ్లు బిగపట్టి మళ్లీ కూలబడ్డాడు.

లక్ష్ముడు గిరుక్కున తిరిగి లోపలికి వెళ్లాడు.

"మెలకువగానే కొయ్యండమ్మా. నిద్దరోతే నా సేతికి కాపలా ఎవుడు కాస్తాడు?"

ఆపరేషను రోజు ఉదయం తలకు మత్తు సూదులు పొడిచారు. ఆ పోట్లు మాత్రం మంటెత్తాయి. తర్వాత తలను కదలకుండా బిగించారు. ఎముక కోసే మర శబ్దం పుర్రెలో ఇంజనులా మోగింది. అంతలో కాసేపు నిద్రపుచ్చి, మళ్లీ లేపారు. మొహం ముందు ఆకుపచ్చ గుడ్డ డేరా. దాని కింద అతనికి కనిపించేవి రెండే: తన కుడిచెయ్యి, దాని పక్కన కూర్చున్న హేమ. చేతులూ కాళ్లూ ఆడించే వ్యాయామాలు నేర్పే అమ్మాయి. చెయ్యి ఏం చేస్తోందో సుహాసినికి చెప్పడం ఆమె పని.

"మీ చెయ్యి రోజూ చేసే పనేమిటి?" అని ముందే అడిగింది డాక్టరమ్మ. వల అల్లడం అన్నాడు. అందుకే కొత్త నైలాను దారం, వల అల్లే సూది శుభ్రం చేయించి తెచ్చారు. ఎడమచేతి దగ్గర వల ముక్క కట్టి ఉంది. కుడిచేత్తో సూది దూర్చి, ముడి బిగించాలి.

"ఇప్పుడు చెయ్యి ఊరికే పెట్టండి. చిన్న కరెంటు తాకిస్తాను, నొప్పి ఉండదు," అంది డేరా అవతలి నుంచి సుహాసిని.

లక్ష్ముడి చూపుడువేలు ముడుచుకుంది.

"నాను కదపనేదమ్మా!"

"నేను కదిపాను."

మణికట్టు వంగింది. అరచెయ్యి మూసుకుంది. తర్వాత బొటనవేలు. టకటకా, అచ్చం బోటు దగ్గర అదిరినట్టే. ఇన్నాళ్లూ పేటంతా దండం పెట్టిన కబురు డాక్టరమ్మ చేతిలోని కరెంటు పుల్ల చివర ఉంది. లక్ష్ముడికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"అమ్మా, మగోడికి కుడి అదిరితే మేలంటారు."

"మేలే. మీ బొటనవేలి ఇల్లు దొరికింది. ఇక దాని గడప తొక్కను."

కానీ పుల్ల తీసేశాక కూడా వేలు ఆగలేదు. లక్ష్ముడు దాన్నే చూస్తున్నాడు. పక్క వేళ్లు అందుకుంటున్నాయి. ఇది తెలిసిన దారే. బోటు తిప్పేసిన దారి.

"వస్తంది! అమ్మా, అదే వస్తంది! మనికట్టుకొచ్చేసినాది!"

"చల్లనీళ్లు!" సుహాసిని గొంతు కొరడాలా ఛెళ్లుమంది. మెదడు మీద మంచునీళ్లు పోస్తున్నారని హేమ చెప్పేదాకా అతనికి తెలియలేదు. అక్కడ చలీ తెలియదు, నొప్పీ తెలియదు. చెయ్యి మాత్రం కనిపిస్తోంది. మోచేతి దాకా పాకిన కుదుపు అక్కడ తటపటాయించింది. విరిగిన కెరటం ఇసుకలో ఇంకిపోయినట్టు వెనక్కి తగ్గింది. మూతి దాకా రాలేదు.

"బాగా చెప్పారు," అంది సుహాసిని. "ఇప్పుడు అల్లండి. ఆపొద్దు."

అల్లాడు. సూది దూర్చడం, దారం చుట్టడం, బిగించడం. "ముడి పడింది," అని హేమ చెబుతోంది. మళ్లీ దూర్చడం, చుట్టడం, బిగించడం. "పడింది." అవతల చప్పుడు చేయని పని సాగిపోతోంది. వల అంగుళం అంగుళం దిగుతోంది.

ఉన్నట్టుండి సూది వేళ్ల మధ్య నుంచి జారింది.

"చెయ్యి ఆగిపోయింది, మేడమ్," అంది హేమ.

అవతల కూడా అంతా ఆగిపోయింది. లక్ష్ముడు వేళ్లు ముడవబోయాడు. అవి అలాగే ఉన్నాయి. బొటనవేలిని కళ్లతోనే తొయ్యాలన్నట్టు చూశాడు. అది రాయిలా ఉంది.

"ఎంత మిగిలినాదమ్మా?"

"కొంచెం. వేళ్ల చోటుకు ఆనుకుని ఉన్న ముక్క."

"అది ఉండిపోతే మళ్లీ వస్తాదా?"

"రావచ్చు."

పళ్లు బిగపట్టుకున్న నూకయ్య లక్ష్ముడి కళ్లముందు మెదిలాడు. "అయితే తీసేయండి. సెయ్యి పోతే పోనీండి. సెయ్యి నేకపోతే ఒడ్డునుంటాను. అది ఉండిపోతే ఎప్పుడో ఆశకొద్దీ పిడి పడతాను, మడుసుల్ని ముంచేస్తాను. నా సంగతి నాకు తెలుసు."

"అలాంటి బేరాలు నా దగ్గర కుదరవు," అంది సుహాసిని. "పనిముట్టు తీసేశాను. కాసేపు ఆగుతాను. మీరు వేళ్లని చూడకండి. ఏ వేలు ముడవాలా అని ఆలోచించకండి. వల కన్ను చూడండి. ముడి వెయ్యండి. అంతే."

హేమ సూదిని మళ్లీ అతని చేతిలో పెట్టి, వేళ్లను దాని చుట్టూ మూసింది. లక్ష్ముడు వేళ్లను మరిచిపోయాడు. ఎదురుగా ఉన్న కన్నునే చూశాడు. చిన్నప్పుడు తండ్రి పక్కన కూర్చుని అల్లిన వలలు గుర్తు తెచ్చుకున్నాడు. ఎవడైనా అప్పుడు వేళ్లను చూశాడా? చేప జారిపోయే సందు ఉందా లేదా అనే చూశాడు. ఇదిగో ఇక్కడ సందు ఉంది. మూసెయ్యాలి.

సూది ముందుకు జరిగింది. నత్తలా జరిగింది. కన్నులో దూరింది. దారం చుట్టుకుంది. చిటికెన వేలు ముందు బిగిసింది, మిగతావి దాని వెనకే వచ్చాయి. ఆఖరున బొటనవేలు.

"పడింది!" హేమ కుర్చీలోంచి లేచి నిలబడింది. "ముడి పడింది, మేడమ్!"

"నేను ఆ ముక్క వెనకవైపు నుంచి వస్తాను. మీరు అల్లుతూనే ఉండండి."

వదులు ముడి. వంకర ముడి. ఏ సంతలోనూ ఎవరూ కొనని వల. లక్ష్ముడు అల్లుతూనే ఉన్నాడు. చెమట కంట్లో పడింది, తుడవమని కూడా అడగలేదు. ఎప్పటికో డేరా అవతల ఒక నిట్టూర్పు వినిపించింది.

"వచ్చేసింది. మొత్తం."

మర్నాడు మెదడు వాచి చెయ్యి బరువెక్కింది. గ్లాసు ఎత్తితే నీళ్లు పక్క మీదే. వాపు తగ్గుతుందని, మిగిలింది పనితోనే రావాలని సుహాసిని చెప్పింది. వాడని చేతికి మెదడులో చోటు తగ్గిపోతుంది, వాడుతూ ఉంటే కాస్త కాస్తగా తిరిగి సంపాదించుకుంటుంది. మంచి చెయ్యి అడ్డుపడకుండా రోజూ కాసేపు ఎడమచెయ్యి కట్టెయ్యమంది హేమ.

ఆ మాట అనడమే తడవు. ఇంటికి వచ్చిన నాటి నుంచి గురమ్మ తువ్వాలుతో అతని ఎడమచేతిని నడుముకు కట్టేసేది. అన్నం కుడిచేత్తోనే. వెల్లుల్లి ఒలవడం కుడిచేత్తోనే. సగం ముద్ద నోట్లోకి, సగం నేల మీదికి.

"మన కోళ్లు బలిసిపోతన్నాయి," అనేది గురమ్మ. "ఇలగే సాగితే సిన్నాన్న మొక్కుకి మంచి కోడే దొరుకుతాది."

"ఓలమ్మ, కట్టు కొంచెం వొదులు సెయ్యవే."

"ఒల్లను. ముందు ఆ పాయ ఒలు."

లక్ష్ముడు ఒలిచాడు. చేతకానప్పుడు తిట్టుకున్నాడు, విసిరికొట్టాడు, మళ్లీ ఏరుకుని ఒలిచాడు. వల ముడులు మొదట వదులుగా, తర్వాత వంకరగా, తర్వాత తిన్నగా వచ్చాయి. పిడి వినోద్ పట్టాడు. లక్ష్ముడు ఒడ్డున నిలబడి, ఏ కెరటం వదలాలో ఏది ఎక్కాలో కుడిచెయ్యి ఎత్తి సైగ చేసేవాడు. వినోద్ రోజూ తడిసి ముద్దయ్యే వచ్చేవాడు.

ఏడాది దాటింది. ఒక్క కుదుపూ రాలేదు. మళ్లీ స్కాన్ చూసి, మాత్రలు మానొద్దని గట్టిగా చెప్పి, పిడి పట్టుకోవచ్చు అంది సుహాసిని.

మర్నాడు ఉదయం బోటు సిద్ధంగా ఉంది. ఎముక అతుక్కున్న నూకయ్య ముందు కూర్చున్నాడు. పక్క బోట్లవాళ్లు కూడా తాళ్లు పట్టుకుని నిలబడ్డారు. ఎవరూ కదలడం లేదు. లక్ష్ముడికి అర్థమైంది. అందరి కళ్లూ మళ్లీ అక్కడే ఉన్నాయి.

నూకయ్య గొంతు సవరించుకున్నాడు. "ఒరే లక్ష్ముడా... మాట వరసకే అడుగుతన్నాను. అదిరిందేటి?"

లక్ష్ముడు కుడిచెయ్యి పైకెత్తాడు. పేటంతా చూసేలా వేళ్లు చాపి, పిడికిలి బిగించి, మళ్లీ చాపాడు. బొటనవేలు నిటారుగా నిలబడింది. తను కదలమన్నప్పుడే కదిలింది. ఆగమంటే ఆగింది.

"అదరనేదు సిన్నాన్నా," అన్నాడు. "అందుకే ఎల్తన్నాం. తొయ్యండ్రా!"

ఒడ్డున తట్ట పట్టుకుని నిలబడ్డ గురమ్మ అందరికన్నా ముందు వచ్చి బోటుకు భుజం ఆనించింది.